38 మంది ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు?

వట్లూరులో మేం నలుగురం ఉండే అద్దింట్లో, హాల్లో ఓ మూల పాత డెస్క్‌టాప్ ఒకటుంది. నాలుగు కోర్ల ప్రాసెసర్, తిరిగే హార్డ్ డిస్క్, మూత లేని క్యాబినెట్. దాన్ని మేం ‘పెద్దాయన’ అంటాం. మా బ్యాచ్ నోట్సులు, ప్రాజెక్టుల కోడు, జూనియర్లు పంపే డేటా అన్నీ ఆయన నెత్తి మీదే. రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాడు. ఎవరి డబ్బులూ కాదు, మా నలుగురి పాకెట్ మనీతో నడిచే సర్వరు. అందుకే ఇక్కడ రాయబోయే తప్పుకి కూడా వేరే ఎవరూ బాధ్యులు కారు. తప్పు నాదే.

మార్చి చివర్లో ఓ రాత్రి, మిడ్స్‌కి చదువుతూ నిద్ర ఆపుకోవడానికి ఊరికే సర్వర్లోకి లాగిన్ అయ్యాను. టైము 1:53. అలవాటుగా ‘అప్‌టైమ్’ అని కొట్టాను. చివర్లో మూడు నంబర్లు కనిపించాయి: 37.95, 37.13, 35.11.

గుండె ఆగినంత పనైంది. నాలుగు కోర్లకి 38 లోడు! మనసులోనే భాగాహారం చేసేశా. 38 బై 4 అంటే తొమ్మిదిన్నర. అంటే మెషీన్ మీద 950 శాతం బరువుందన్నమాట. ఎవడో హ్యాక్ చేసి దొంగతనంగా కాయిన్లు తవ్వుకుంటున్నాడేమో అనుకున్నా. ఇంకేం చూడలేదు. లేచి వెళ్ళి పవర్ బటన్‌ని ఐదు సెకన్లు నొక్కి పట్టుకున్నా. పెద్దాయన ఆగిపోయాడు.

మళ్ళీ ఆన్ చేస్తే లేవలేదు. ఫైల్ సిస్టమ్‌లో తప్పులున్నాయంటూ మధ్యలో ఆగిపోయాడు. అవి సరిచేసేసరికి డేటాబేసు మొరాయించింది. అంతా ఓ కొలిక్కి వచ్చేసరికి ఉదయం ఐదున్నర.

ఆ మూడున్నర గంటల్లో ఏం జరిగిందో తర్వాత చెప్తాను. ముందు నేను చేసిన భాగాహారం ఎందుకు తప్పో చెప్పాలి. ఎందుకంటే మనలో చాలామంది రోజూ అదే చేస్తున్నారు. ఇంటర్వ్యూలో ‘లోడ్ యావరేజ్ అంటే ఏంటి’ అని అడిగితే ‘సీపీయూ ఎంత వాడుతోందో చెప్పే నంబరండీ’ అంటాం. లైనక్స్‌లో అది నిజం కాదు.

మన కైకలూరు వైపు చేపల ప్యాకింగ్ చూసే ఉంటారు. చెరువులో పట్టిన చేపని తూకం వేసి, ఐస్ ముక్కలు కలిపి, పెట్టెల్లో సర్ది లారీకెక్కిస్తారు. ఓ షెడ్డులో నలుగురు మనుషులున్నారనుకోండి. ఒక్కొక్కరు ఒకసారికి ఒక పెట్టె పని మాత్రమే చూస్తారు. వీళ్ళే మన నాలుగు కోర్లు. షెడ్డులో నాలుగు పెట్టెలుంటే అందరికీ పనుంది, ఏ పెట్టే ఆగలేదు. లోడు 4. ఆరు పెట్టెలుంటే నాలుగు చేతుల్లో ఉన్నాయి, రెండు వంతు కోసం ఆగాయి. లోడు 6. రెండే ఉంటే ఇద్దరు ఖాళీగా కూర్చున్నారు. అంటే లోడ్ అనేది శాతం కాదు, వేగమూ కాదు. పనిలో ఉన్నవీ, పని కోసం ఆగి ఉన్నవీ కలిపి లెక్కపెట్టిన తలల సంఖ్య, అంతే. అందుకే కోర్లు ఎన్నున్నాయో తెలియకుండా ఈ నంబరు చదవడం దండగ. ‘ఎన్‌ప్రాక్’ అని కొడితే ఆ లెక్క చెప్తుంది. నాలుగు కోర్ల మా పెద్దాయనకి 6 అంటే కాస్త ఇరుకు. అదే 32 కోర్ల మెషీన్‌కి 6 అంటే ఆటవిడుపు.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. తెలియంది తర్వాతి సంగతి.

చేపలున్నాయి, పెట్టెలున్నాయి, నలుగురు మనుషులూ ఉన్నారు. ఐస్ రాలేదు. పెట్టెలు వరసగా పేరుకుపోతున్నాయి. మనుషులు మాత్రం గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇప్పుడు షెడ్డు లోడు ఎంత? మనుషులకి పని ఉందా అన్నదే లెక్కయితే సున్నా. ఆగి ఉన్న పెట్టెలు లెక్కయితే 38 కావొచ్చు. లైనక్స్ ఈ రెండోదాన్నే ఎంచుకుంది. డిస్క్ కోసమో, నెట్‌వర్క్ మీద ఉన్న ఫైలు కోసమో కదలకుండా ఆగిపోయిన ప్రాసెస్‌లని కూడా లోడ్‌లో కలుపుతుంది. ‘పీఎస్’ కొట్టినప్పుడు స్టేట్ కాలమ్‌లో ‘డి’ అని కనబడేవి ఇవే. మధ్యలో లేపడానికి వీల్లేని నిద్ర వీటిది.

మొదట్నుంచీ ఇలా లేదు. లోడ్ యావరేజ్ అనే మాట లైనక్స్ కంటే చాలా పాతది. 1973లోనే టెనెక్స్ అనే సిస్టమ్ లోడ్ యావరేజ్‌ల మీద ఒక ఆర్‌ఎఫ్‌సీ వచ్చింది. దాని నంబరు 546. అక్కడ లెక్క సీపీయూ కోసం నిలబడ్డ వాళ్ళదే. లైనక్స్‌లో డిస్క్ కోసం ఆగినవాళ్ళని కూడా కలపాలని 1993లో మథియాస్ ఉర్లిక్స్ అనే ఆయన ఒక చిన్న ప్యాచ్ పంపాడు. ఆయన వాదన మనలాంటి వాడికి కూడా అర్థమవుతుంది. వేగంగా ఉండే స్వాప్ డిస్క్ తీసి నెమ్మదిగా ఉండేది పెడితే సిస్టమ్ మందగిస్తుంది కదా. కానీ అందరూ డిస్క్ దగ్గరే ఆగిపోతారు కాబట్టి సీపీయూ క్యూ తగ్గి, లోడ్ నంబరు కూడా తగ్గుతుంది. మెషీన్ నెమ్మదించిన కొద్దీ నంబరు బాగుపడటమేంటి అన్నది ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఆ మార్పు ఎందుకొచ్చిందో చాలామంది మర్చిపోయాక, 2017లో బ్రెండన్ గ్రెగ్ పాత మెయిళ్ళన్నీ తవ్వి ఈ కథ బయటికి తీశాడు.

ఇక మూడు నంబర్లెందుకు? ఒక నిమిషం, ఐదు నిమిషాలు, పదిహేను నిమిషాల సగటులని పుస్తకంలో ఉంటుంది. మామూలు సగటులు కావివి. కెర్నల్ సుమారు 5 సెకన్లకోసారి తలలు లెక్కపెట్టి, పాత విలువని కొంచెం తగ్గించి, కొత్తదాన్ని కొంచెం కలుపుతుంది. పాతది ఒక్కసారిగా పోదు, క్రమంగా కరుగుతుంది. ఖాళీ మెషీన్‌లో ఒక్క ప్రాసెస్ ఆగకుండా నడిస్తే, నిమిషం తర్వాత మొదటి నంబరు 1 చూపించదు. సుమారు 0.63 చూపిస్తుంది.

దీనికి మన ఊరి పోలిక ఉంది. పైన వాన పడితే ముందు తమ్మిలేరు పొంగుతుంది. వాన ఆగితే ముందు అదే తగ్గుతుంది. కొల్లేరు అలా కాదు. తమ్మిలేరు, బుడమేరు లాంటివన్నీ తెచ్చి పోసిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. వాన ఆగిపోయినా కొల్లేటి లంకల్లో నీరు చాలా రోజులు అలాగే ఉంటుంది. మొదటి నంబరు తమ్మిలేరు. మూడో నంబరు కొల్లేరు. మొదటిది పెద్దగా, మూడోది చిన్నగా ఉంటే వరద ఇప్పుడిప్పుడే వస్తోందని అర్థం. మొదటిది చిన్నగా, మూడోది పెద్దగా ఉంటే వరద వెళ్ళిపోయింది, తడి మిగిలింది. అప్పుడు కంగారుపడి ఏదైనా చేస్తే, అదే కొత్త సమస్య అవుతుంది.

ఇప్పుడు ఆ రాత్రి నా కళ్ళముందున్న మూడు నంబర్లని మళ్ళీ చూడండి. 37.95, 37.13, 35.11. మొదటిదానికీ రెండోదానికీ ఒకటి కూడా తేడా లేదు. మూడోది ఇంచుమించు మూడు తక్కువ. ఇది ఒక్కసారిగా విరుచుకుపడ్డ వరద కాదు. ఎవడో లోపలికొచ్చి 38 ప్రోగ్రాములు ఒకేసారి మొదలుపెట్టి ఉంటే మూడో నంబరు చాలా వెనకబడి ఉండేది. ఇది గంటల తరబడి, చుక్క చుక్కగా, ఒకే వేగంతో నిండిన కుండ. ఐదు నిమిషాలకి ఒకటి చొప్పున పెరిగే లోడ్ సరిగ్గా ఇలాగే కనబడుతుంది. కాగితం మీద లెక్కేసి చూసుకున్నాను.

మా దగ్గర ఐదు నిమిషాలకోసారి నడిచేది ఏంటి? బ్యాకప్. పెద్దాయన మీది కొత్త ఫైళ్ళని పక్కగదిలో ఉన్న ఇంకో డెస్క్‌టాప్‌కి ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా కాపీ చేస్తుంది. ఆ రెండో మెషీన్ అందకపోతే కాపీ అక్కడే ఆగి ఎదురుచూస్తుంది. ఐదు నిమిషాలకి ఇంకో కాపీ మొదలై దాని వెనకే నిలబడుతుంది. ముందుది అయిందో లేదో చూసుకోమని మేం రాయలేదు. అలా 38 మంది చేరారు. ఒక్కో దానికి ఐదు నిమిషాల చొప్పున వెనక్కి లెక్కేస్తే మొదటి కాపీ ఆగింది రాత్రి 10:45కి. అంటే 10:40కీ 10:45కీ మధ్య పక్కగదిలో ఏదో జరిగింది.

ఏం జరిగిందో నాకే గుర్తొచ్చింది. ఉక్కపోతకి తట్టుకోలేక టేబుల్ ఫ్యాన్ పెట్టుకోవడానికి ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోంచి ఒక ప్లగ్ పీకాను. వాడకుండా పడున్న మానిటర్‌దనుకున్నా. అది బ్యాకప్ మెషీన్‌ది.

ఆ ప్లగ్ మళ్ళీ పెట్టి ఉంటే చాలు. రెండో డెస్క్‌టాప్ లేచాక ఆగిన కాపీలన్నీ కదిలి, పని ముగించుకుని వెళ్ళిపోయేవి. నిమిషంలో మొదటి నంబరు 38 నుంచి 14 దగ్గరికి దిగేది. కనీసం ‘టాప్’ తెరిచి చూసినా తెలిసేది, సీపీయూ నిజంగా చేస్తున్న పని 3 శాతం కూడా లేదని. రెండు రోజుల తర్వాత అదే ప్లగ్ కావాలని పీకి, ఆ పరిస్థితిని మళ్ళీ సృష్టించి చూశాం. లోడ్ ఎక్కుతూనే ఉంది, మా నోట్సుల పేజీ మాత్రం ఎప్పటిలాగే టక్కున తెరుచుకుంటోంది. అంటే ఆ రాత్రి పెద్దాయన బాగానే ఉన్నాడు. బాగున్నవాణ్ణి నేను పడగొట్టాను.

ఇక ఆ మూడున్నర గంటల సంగతి.

మా థర్డ్ ఇయర్ చెల్లి ఒకమ్మాయి తన ప్రాజెక్టు కోసం వాళ్ళ నాన్నగారి చేపల చెరువులో సెన్సార్ పెట్టింది. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ఎంతో నిమిషానికోసారి పెద్దాయనకి పంపుతుంది. లీటరుకి 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే పెద్దాయన వాళ్ళ నాన్నగారి ఫోన్ మోగిస్తాడు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అది కూడా పీల్చుకునేదే. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. నేను సర్వర్ ఆపింది సరిగ్గా ఆ గంటల్లోనే.

ఫోన్ మోగలేదు. అయినా ఆయన నాలుగింటికి అలవాటు కొద్దీ టార్చ్ పట్టుకుని గట్టు మీదికెళ్ళారు. చేపలు అప్పటికే నోళ్ళు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయట. ఏరేటర్లు వేశారు. చెరువు దక్కింది. ఓ నలభై, యాభై చేపలు మాత్రం తెల్లగా తేలిపోయాయి.

ఆ ఆదివారం చెల్లితో కలిసి వెళ్ళి చెప్పుకున్నా. ‘బాబాయ్ గారూ, తప్పు నాదేనండీ, సర్వర్ నేనే ఆపేశాను’ అన్నా. ఆయన కోప్పడలేదు. టీ ఇప్పించి, ఇలా అన్నారు: ‘మీ మెసేజ్ వస్తంది కదాని ఈ నాల్రోజులూ కాత్త నిద్రపోదామనుకున్నానండి. సర్లెండి, అయిందేదో అయ్యింది. మీ మిషన్ల సంగతి నాకు తెల్దు గానీ బాబూ, చెరువులో ఏదన్నా తేడాగా ఉంటే మేం ముందు నీళ్ళలో చెయ్యెట్టం. కాసేపు నిలబడి చేప ఏం చేత్తందో చూత్తాం. ఆ తర్వాతే మోటారు.’

వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఈ అనుభవం తర్వాత ఇద్దరు మిత్రులు నాకు రెండు సలహాలిచ్చారు. రెండూ నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పి ముగిస్తాను.

ఒకడన్నాడు: ‘లోడ్ యావరేజ్ పనికిమాలిన నంబర్రా, చూడటమే మానెయ్.’ వాడికి మద్దతు కూడా దొరుకుతుంది. ఆ లెక్క కట్టే కెర్నల్ ఫైల్ మొదట్లోనే, ఇదో తెలివితక్కువ నంబరు, జనం మాత్రం దీన్ని ముఖ్యమనుకుంటారు అనే అర్థంలో ఒక కామెంట్ ఉంది. 2018లో వచ్చిన లైనక్స్ 4.20 నుంచి ‘ప్రెజర్ స్టాల్’ అనే కొత్త కొలత కూడా ఉంది. సీపీయూ కోసం ఎంత సమయం ఆగారు, మెమరీ కోసం ఎంత, డిస్క్ కోసం ఎంత అని విడివిడిగా చెప్తుంది. అది మంచిదే, నేర్చుకుందాం. కానీ ఆ మూడు నంబర్లు నాకు తప్పేం చెప్పలేదు. తప్పు జరిగిన టైముని కూడా ఐదు నిమిషాల తేడాలో పట్టిచ్చాయి. నేను వినలేదు. సరిగా వినని వాడు గంటని తిట్టకూడదు.

రెండోవాడన్నాడు: ‘సింపుల్‌రా, కోర్ల సంఖ్యకి రెండింతలు దాటితే దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా స్క్రిప్ట్ రాసెయ్.’ ఇది ఇంకా ప్రమాదం. ఆ స్క్రిప్ట్ ఉండి ఉంటే నేను 1:53కి చేసిన పొరపాటు అదే రాత్రి 11:30 లోపే జరిగిపోయేది. ఎవరూ చూడకుండా, మళ్ళీ మళ్ళీ జరిగేది. ప్లగ్ మాత్రం పీకే ఉండేది. ఐస్ రాలేదని ప్యాకింగ్ వాళ్ళని మార్చేస్తే ఐస్ వస్తుందా? కోర్లు పెంచుదాం, కొత్త సర్వర్ కొందాం అనే మాట కూడా ఇలాంటిదే. మా నలుగురిలో ఆ రాత్రి ముందు వచ్చిన ఆలోచన అదే. తలో ఐదువేలు వేసుకుని కొత్త ప్రాసెసర్ కొనేవాళ్ళం. 38 అలాగే ఉండేది.

నా అభిప్రాయం ఒక్కటే. లోడ్ యావరేజ్ తీర్పు కాదు, అది ఫిర్యాదు. ఫిర్యాదు వస్తే విచారించాలి. ఎంతమంది ఆగారు అన్నది అది చెప్పింది. ఎవరు, దేని కోసం, ఎప్పట్నుంచి అన్నది మనం అడగాలి. కోర్లు ఎన్ని? మూడు నంబర్లు ఎటు పోతున్నాయి? సీపీయూ నిజంగా బిజీయేనా? ‘డి’లో ఉన్నవాళ్ళెవరు? అన్నిటికంటే ముందు, మన మీద ఆధారపడ్డ వాళ్ళ పని నడుస్తోందా లేదా? ఈ ఐదూ చూడటానికి రెండు నిమిషాలు చాలు. నేను ఆ రెండు నిమిషాలు ఆదా చేసి మూడున్నర గంటలు పోగొట్టాను. చెరువు పోగొట్టేవాణ్ణే.

ల్యాబ్‌లో మనకి కమాండ్ నేర్పుతారు, దాని ఔట్‌పుట్ రికార్డులో రాయిస్తారు. ఆ ఔట్‌పుట్ చూసి ఏం చెయ్యకూడదో ఎక్కడా రాయం. జూనియర్లూ, మీ రికార్డులో ‘అప్‌టైమ్’ కింద ఒక్క లైను ఎక్కువ రాసుకోండి: ఈ నంబరు చూసిన వెంటనే పవర్ బటన్ ముట్టుకోరాదు.

ఇప్పుడు మా హాల్లో మార్పులు చిన్నవే. ముందు కాపీ అవ్వకుండా రెండోది మొదలవ్వదు. లోడ్ పెరిగితే నోటు మాత్రమే వస్తుంది. చెరువు రీడింగ్ వరసగా మూడు నిమిషాలు రాకపోతే మా నలుగురి ఫోన్లూ మోగుతాయి. ఆ గంట పెద్దాయన మీద కాకుండా వేరే మెషీన్ మీద పెట్టాం, ఆయన పడిపోయినా మోగాలి కదా. బ్యాకప్ డెస్క్‌టాప్ ప్లగ్‌కి ఎర్ర టేపు చుట్టాం. చెల్లి ప్రాజెక్టుకి మంచి మార్కులే వచ్చాయి. రిపోర్టులో ఆ రాత్రి గ్రాఫు దగ్గర మూడున్నర గంటల ఖాళీని ఆమె దాచలేదు, అలాగే వదిలేసింది. కింద కారణం కూడా రాసింది, నా పేరు లేకుండా.

వాళ్ళ నాన్నగారు మాత్రం ఇప్పటికీ నాలుగింటికి లేస్తూనే ఉన్నారట.